పారిపోలేదని రాసిచ్చిన కాగితం

పోయిన ఆగస్టు నుంచి ఈ జూలై దాకా ఇక్కడ న్యూజిలాండ్‌లోని మా తెలుగు సంఘం కార్యవర్గానికి నేను ఏడు ఉత్తరాలు రాశాను. మూడు ఈమెయిల్‌లో, రెండు వాట్సాప్‌లో, మిగిలిన రెండూ చేత్తో రాసి, కవర్లో పెట్టి, పాపటోయిటోయి నుంచి ఫ్లాట్ బుష్ దాకా వానలో కారు నడుపుకుంటూ వెళ్ళి అధ్యక్షుడి ఇంటి లెటర్ బాక్సులో వేసి వచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. వాట్సాప్‌లో పంపిన రెండింటికీ నీలం గీతలు పడ్డాయి, అంటే చదివారు. చదివి ఊరుకున్నారు. వాళ్ళకి నా నంబరు తెలియదనుకుందామంటే, దీపావళి భోజనాలకి కూరగాయలు తరగడానికి మనుషులు కావాలని కబురు మాత్రం తప్పకుండా వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఉగాదికి నన్ను వేదిక మీదికి పిలుస్తామని ముందే చెప్పి, తీరా ఆ రోజు పిలవకుండా కార్యక్రమం ముగించిన సంగతి కూడా నాకు గుర్తుంది. దాని గురించి నేను ఉత్తరం రాయలేదు. అది నా ఒక్కడికి సంబంధించింది. ఇది మా తాతకి సంబంధించింది.

నా చిన్నతనం గురించి రాస్తున్న ఈ పుస్తకంలో తాత మీద ఒక అధ్యాయం ఎలాగూ ఉండేది. ఇంత కోపంగా మొదలవుతుందని మాత్రం అనుకోలేదు.

మా తాత పేరు అప్పలసూరి. శ్రీకాకుళం వైపు నుంచి పడుచు వయసులో ఓడెక్కి మలయా రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళాడు. అక్కడికి యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళని దేశంలోంచి వెళ్ళగొట్టడానికి మనవాళ్ళు అక్కడే ఒక సైన్యం కట్టుకుంటే అందులో చేరి బర్మా దాకా నడిచాడు. మా ఇంట్లో దాన్ని ఫౌజు అనే అనేవాళ్ళం. యుద్ధం ఓడిపోయి, ఫౌజు చెదిరిపోయాక, ఎన్నాళ్ళకో ఇల్లు చేరాడు. నాకు ఊహ తెలిసేసరికి విశాఖపట్నంలో హార్బరుకి దగ్గరగా ఒక రెండు గదుల వాటాలో మాతో ఉండేవాడు. ఆ వీధి అంతా ఎండుచేపల వాసన, ఓడల నూనె వాసన. మా వాటాలోకి వస్తే మాత్రం గంజి వాసన, లవంగాల వాసన. గంజి తాత కాచేది. లవంగాలు తాత రేకు డబ్బాలోవి. ఆ డబ్బాలో, నాలుగు మడతలు పెట్టి, ఒక పాత పంచె ముక్కలో చుట్టిన కాగితం ఉండేది. నోటుపుస్తకంలోంచి చింపిన అర ఠావు. తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిలుతో కుడి నుంచి ఎడమకి రాసిన ఉర్దూ. కింద మాత్రం ఇంగ్లీషులో ఒక కెప్టెన్ సంతకం. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు కాబట్టి మేమందరం ఆ కాగితంలో చదివింది ఆ సంతకం ఒక్కటే. చవితి వెళ్ళాక ఎండ కాసిన రోజున తాత దాన్ని బయటికి తీసి, అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టి, ఎండ తగిలినంతసేపూ పక్కనే కూర్చునేవాడు. కాకి వాలినా ఊరుకునేవాడు కాదు. అందులో ఏముంది తాతా అని నేనడిగితే ఎప్పుడూ ఒకే మాట.

"ఈ కాయితం ఉన్నోణ్ణి కాల్చకూడదు. అదీ అందులో ఉన్న రూలు."

నాకు అది మంత్రంలా ఉండేది. గుండు తగలకుండా కాపాడే కాగితం మా ఇంట్లో ఉందని బడిలో గొప్పలు పోయాను.

తాత చాలా ఏళ్ళు హార్బరు దగ్గర ఒక కంపెనీ క్యాంటీనులో వంట చేశాడు. అదే కంపెనీలో మా నాన్న గుమాస్తా. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. నాన్న మధ్యాహ్నం క్యాంటీనుకి వెళ్ళేవాడు కాదు, ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళ్ళేవాడు. ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తాత క్యాంటీను మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా పొయ్యి దగ్గరి పెత్తనం వదల్లేదు. కొంచెం వండడం ఆయనకి చేతకాదు. మేము ఆరుగురం ఉంటే పదిహేను మందికి అవుతుంది. మిగిలిన అన్నం చూసి నాయనమ్మ రోజూ తిట్టేది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా తాతకి ముందే తెలిసేది. ఇత్తడి చెంబులో పల్చటి గంజి, అందులో ఉప్పు, వాము, పైన ఆకు మూసి, పట్టుకుని వెళ్ళేవాడు. ఇచ్చి వచ్చేయడం లేదు, తాగేదాకా మంచం పక్కన గొంతుక్కూర్చునేవాడు. వద్దన్న వాళ్ళని బూతులు తిట్టేవాడు. మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. కోపిష్టి మనిషి, నన్ను గరిటతో కొట్టాడు కూడా. తను మాత్రం అందరూ తిని లేచాక, గిన్నె అడుగున ఉన్నది చేత్తో గోకి తినేవాడు. కూర్చుని తినమని అమ్మ ఎన్నిసార్లు పీట వేసినా కూర్చోలేదు.

నాకు పదేళ్ళు వచ్చి అక్షరాలు గుండ్రంగా రావడం మొదలైనప్పటి నుంచి తాత అర్జీలు నా చేత రాయించేవాడు. స్వాతంత్ర్య సమరయోధుల జాబితా ఒకటి ఉందని, అందులో పేరుంటే జెండా పండగ నాడు కుర్చీ వేసి కూర్చోబెడతారని ఎవరో ఆయనకి చెప్పారు. ఆయన అడిగింది ఆ కుర్చీ ఒక్కటే. నెలకొకటి చొప్పున, బడి లేని రోజు పొద్దున్నే, అరుగు మీద నేను బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పలక, పలక మీద కాగితం. తాత చెబుతుంటే ముందు చిత్తు రాసేవాణ్ణి. మహారాజశ్రీ కలెక్టరు గారి దివ్య సముఖమునకు అని మొదలుపెట్టడం నాన్న నేర్పాడు. మిగతాది తాత మాట.

"ఫౌజులో వంటోణ్ణని రాయి. తుపాకీ నాకివ్వనేదు, గరిటిచ్చారు. అదే రాయి. లేనిది రాయొద్దు."

నేను రాసేవాణ్ణి. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చెమట చొక్కా విప్పకుండానే ఆ చిత్తు చూసి, వంటవాడు అన్న మాట కొట్టేసి పైన సిపాయి అని రాసేవాడు. గరిట పట్టుకున్నవాడికి ఎవడు కుర్చీ వేస్తాడని ఆయన లెక్క. మేలుప్రతి నేను ఆయన దిద్దినట్టే రాయాలి. రాసేవాణ్ణి. మర్నాడు సంతకం పెట్టే ముందు తాత, ఆయనకి తన పేరు మూడు వంకర్లతో రాయడం తప్ప చదవడం రాదు, ఏం రాశావో చదవరా అనేవాడు. నేను చదివేవాణ్ణి. కాగితం మీద సిపాయి అని ఉంటే నా నోటితో వంటవాడు అని చదివేవాణ్ణి. నాన్న గుమ్మంలో నిలబడి గడ్డం గీసుకుంటూ వినేవాడు. తాత తలాడించి సంతకం పెట్టేవాడు. ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. పోస్టుమాను వీధి మలుపు తిరిగే వేళకి తాత అరుగు మీదికి వచ్చి నిలబడేవాడు, పోస్టుమాను మా వాటా దాటి వెళ్ళిపోయేవాడు. ఒక్క అర్జీకీ జవాబు రాలేదు. అందలేదనీ రాలేదు, కుదరదనీ రాలేదు. జవాబు రానందుకు తాత ప్రభుత్వాన్ని తిట్టలేదు. నన్నే అనుమానంగా చూసి, సరిగ్గానే రాస్తన్నావా అని ఒకసారి అడిగాడు. రాస్తున్నాను తాతా అన్నాను.

కాగితాన్ని నాన్న ఒకే ఒకసారి ఇంటి నుంచి బయటికి తీసుకెళ్ళాడు. ఆఫీసులో ఉర్దూ వచ్చిన పెద్దాయన ఒకడున్నాడు, చదివించుకొస్తానన్నాడు. తాత మొదట ఒప్పుకోలేదు, తర్వాత డబ్బాతో సహా ఇచ్చాడు. ఆ సాయంత్రం నాన్న మామూలు కంటే పెందరాళే వచ్చి, మా అందరి ముందూ, తాత ధైర్యసాహసాలని మెచ్చుకుంటూ కెప్టెన్ స్వహస్తాలతో రాసిచ్చిన ప్రశంసాపత్రం అని ప్రకటించాడు. నాయనమ్మ కళ్ళకద్దుకుంది. తాత మాత్రం డబ్బా తీసుకుని లవంగాలు సర్దుకున్నాడు. ఆ తర్వాత ఉర్దూ వచ్చినవాళ్ళెవరికీ నాన్న దాన్ని చూపించనివ్వలేదు. తాత పోయాక కాగితం నాన్నకి, నాన్న పోయాక నాకు వచ్చింది. నేను న్యూజిలాండ్ వచ్చేటప్పుడు చేతిసంచీలో నా చదువు సర్టిఫికెట్ల కంటే పైన పెట్టుకుని తెచ్చాను. ప్రశంసాపత్రం అనే నేనూ నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

పోయిన ఆగస్టు పండగకి మా సంఘం పాపటోయిటోయిలో హాలు తీసుకుని, మన ఇళ్ళలోని వీరులు అని ఒక గోడ పెట్టింది. ఎవరి ఇంట్లో స్వాతంత్ర్యోద్యమంలో ఉన్నవాళ్ళుంటే వాళ్ళ ఫోటోలూ కాగితాలూ ఇవ్వమన్నారు. సంఘం అధ్యక్షుడు హర్ష, కంప్యూటర్ల ఉద్యోగం, ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు, స్వయంగా మా ఇంటికి వచ్చి, సోఫాలో అంచు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. వాల్‌కి ఇదే హైలైట్ అంకుల్ అన్నాడు. అద్దం ఫ్రేమ్ కట్టించింది అతనే. వీర సైనికుడు, సాహసానికి ప్రశంసాపత్రం అని కింద లేబుల్ వేసిందీ అతనే. ఆ లేబుల్ చదివి నేను మురిసిపోయాను. దాచడం దేనికి.

ఆ రోజు పొద్దున హాలుకి ఖాదర్ భాయ్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, మా వీధి చివర మాంసం కొట్టు, సంఘానికి బిర్యానీ మాంసం ఆయనే ఇస్తాడు. ఫ్రేము ముందు నిలబడి, కళ్ళజోడు పైకి జరిపి, పెదవులు కదుపుతూ చదవడం చూసి నేను దగ్గరికి వెళ్ళాను. పెద్దగా చదవమని నేనే అడిగాను. అడక్కపోతే బావుండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

"సాబ్, ఇది మెడల్ కాయితం కాదు," అన్నాడు ఖాదర్ భాయ్. "మంచిగ వినుండ్రి, ఉన్నదున్నట్టు చెప్త."

చుట్టూ పది పన్నెండు మంది చేరారు, హర్ష కూడా. ఆయన ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఈ కాగితం ఉన్న అప్పలసూరి మా దళంలో వంటవాడు. నడవలేని పదకొండు మంది గాయపడ్డవాళ్ళని ఈ ఊళ్ళో వదిలి మేము వెనక్కి వెళ్ళవలసి వస్తున్నది. వాళ్ళకి వండి పెట్టడానికి తాను ఉంటానని ఇతడే అడిగాడు, నేను ఉండమన్నాను. ఇతడు పారిపోయినవాడు కాడు. మన ఫౌజు మనుషులెవరికి దొరికినా ఇతణ్ణి కాల్చకూడదు. అంతే, కింద సంతకం.

ఖాదర్ భాయ్ ఒక్కడే, ఆ పదకొండు మంది ఏమయిన్రు సాబ్ అని అడిగాడు. నాకు తెలియదు. తాత ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగిందల్లా గుండ్ల గురించే. తుపాకులూ గుండ్లూ ఎదురుగా వస్తుంటే, వెళ్ళిపోవడానికి దారి ఉండి కూడా, లేవలేని పదకొండు మందికి గంజి కాయడానికి ఆగిపోయిన మనిషికి నేను చేసిన పని ఏమిటంటే, ఆయన ఆగిపోయి చేసిన ఆ పనిని అర్జీలోంచి కొట్టేసి ఆయన చేతే సంతకం పెట్టించడం. మా వీధిలో జ్వరాల వాళ్ళ పక్కన ఆయన కూర్చోవడం, నిలబడి అడుగు గోకి తినడం, అవన్నీ ఆ బర్మా ఊరి నుంచే వచ్చాయని నేను చెప్పను. కొన్ని వంటవాళ్ళందరికీ ఉండే అలవాట్లే అయ్యుంటాయి. చెప్పగలిగినవాడు లేడు.

భోజనాలకి వెళ్ళి వచ్చేసరికి గోడ మీద ఫ్రేము లేదు. ఆ చోట ఇళ్ళ అప్పులు ఇప్పించే ఏజెంటు నవ్వుతున్న బ్యానరు ఉంది. హర్షని వెతికి పట్టుకున్నాను. కాపీ క్లియర్‌గా లేదని కమిటీ ఫీలయిందన్నాడు. అది కాపీ కాదు, అసలు అన్నాను. అప్పుడు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"తప్పుగా అనుకోకండంకుల్. లోకల్ ఎంపీ వస్తున్నారు. పారిపోలేదు అని రాసి పెడితే, అసలు ఆ డౌట్ ఎందుకొచ్చిందని అడుగుతారు కదా. పైగా కుక్ అంటున్నారు. అక్కడ మిగతా వాళ్ళందరూ ఫైటర్స్."

"దించే ముందు నన్నడిగావా?"

"మీరు తింటున్నారంకుల్, డిస్టర్బ్ చేయడం ఎందుకని."

ఆ ఒక్క మాటకే నేను అతన్ని జన్మలో క్షమించను. మూడు రోజుల తర్వాత ఫ్రేముని కూరగాయల దుకాణం ప్లాస్టిక్ సంచీలో పెట్టి, మేము ఇంట్లో లేనప్పుడు గుమ్మం ముందు తడి చెప్పుల పక్కన పెట్టి వెళ్ళారు. తలుపు కొట్టలేదు, ఫోన్ చేయలేదు. ఫ్రేము మూలలో చెమ్మ దిగి తాత పేరు దగ్గర ఊదారంగు కొంచెం తేలింది. ఫోటో తీసి మొదటి ఉత్తరంతో జత చేశాను.

మా ఆవిడ ఇందిర నలభై ఏళ్ళు నర్సుగా చేసింది, మాట పొదుపు. నాలుగో ఉత్తరం రాస్తుంటే వెనక నిలబడి, మీకు తాత మీద ప్రేమో హర్ష మీద కోపమో ముందు తేల్చుకుని రాయండి, కలిపి రాస్తే ఎవరికీ అర్థం కాదు అంది. రెండూ అన్నాను. గాయపడ్డవాళ్ళని వదిలి వెళ్ళమంటే వెళ్ళని మనిషిని వీరుడు కాదన్నవాళ్ళకి నేను ఒక్క రాత్రి డ్యూటీ వేయించి చూపిస్తాను అని, హీటర్ పెంచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట కూడా ఉత్తరంలో రాశాను.

మధ్యలో ఒక్కసారి హర్ష ఎదురుపడ్డాడు, సరుకుల కొట్టులో, బియ్యం బస్తాల దగ్గర. తప్పించుకోవడానికి వీల్లేక నవ్వాడు. పాత లేబుల్‌తోనే మళ్ళీ పెట్టేద్దామన్నాడు. ప్రశంసాపత్రం అనే ఉంచుదాం, ట్రాన్స్‌లేషన్ వద్దు, ఇక్కడ ఉర్దూ ఎవరికొచ్చంకుల్ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడనుకుంటాను. అందుకే మరీ భయమేసింది. అచ్చం మా నాన్న గొంతు. నేను ఆ బస్తాల మధ్య నిలబడి, పదేళ్ళ పిల్లవాడిలా, సరేనండి అనేయబోయాను. అంటే పని అయిపోయేది, వచ్చే ఆగస్టుకి తాతకి గోడ మీద చోటు దొరికేది. అనలేదు. ఇంటికొచ్చి నేనే లేబుల్ రాశాను. అప్పలసూరి, ఫౌజులో వంటవాడు. గాయపడిన పదకొండు మందికి వండి పెట్టడానికి వెనక ఉండిపోయాడు. పారిపోలేదని కెప్టెన్ రాసిచ్చిన కాగితం. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఈ నెల మొదట్లో ఏడో ఉత్తరంతో అతని లెటర్ బాక్సులో వేశాను. దానికీ జవాబు లేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని మొన్న ఆలోచించాను. అప్పుడు జవాబివ్వనివాళ్ళు ఎక్కడో ఉన్నారు, మా ముఖం ఎరగరు, మా అర్జీ చదివారో లేదో తెలియదు. చదివినా వాళ్ళ చేతికి వెళ్ళింది అబద్ధం, జవాబు రాకపోవడమే నయమేమో. ఇప్పుడు జవాబివ్వనివాళ్ళు నా ఇంట్లో టీ తాగినవాళ్ళు. నా పేరు తెలుసు, నా ఇల్లు తెలుసు, చదివినట్టు వాళ్ళ ఫోనే నాకు చెబుతుంది. వాళ్ళ చేతికి నేనిచ్చింది నిజం. తాతకి కుర్చీ వేయనివాళ్ళకి ఆయన ఎవరో తెలియదు. వీళ్ళకి తెలిసింది, తెలిశాకే దించారు.

ఇదంతా సంఘం పత్రికలో అచ్చు వేయమని ఇవ్వడం లేదు, వేయరని తెలుసు. నా పుస్తకంలో వేసుకుంటున్నాను. హర్షా, ఈ అధ్యాయం నీకు విడిగా కూడా పంపుతున్నాను. ఆగస్టు పండగకి ఇంకా మూడు వారాలుంది, హాలు మళ్ళీ బుక్ చేశారని, గోడ మళ్ళీ పెడుతున్నారని నాకు తెలిసింది. నేను రాసిన లేబుల్‌తో, ఒక్క అక్షరం మార్చకుండా, మా తాత కాగితం ఆ గోడ మీద పెడతావా, పెట్టవా? పెట్టేటట్టయితే నేనే తెచ్చి ఇస్తాను, నువ్వు రానక్కర్లేదు. పెట్టకపోతే, వంటవాడు కాబట్టి పెట్టడం లేదని కాగితం మీద రాయి. కమిటీ ఫీలయింది అని రాయకు. కింద నీ పేరు పెట్టి సంతకం చెయ్యి. నేను ఇంట్లోనే ఉంటాను, తలుపు కొట్టి నా చేతికివ్వు.